గారెలు వేస్తున్న రోగి

రామతులసి జ్వరమని సెలవు పెట్టడంలో తప్పేమీ లేదు. ఆ సెలవులో ఇంట్లో ఉండటమే తప్పయింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వానాకాలం. బెజవాడంతా మలేరియాతో వణుకుతోంది. ఆడపిల్లల బడిలో పంతులమ్మ రామతులసి రెండు దుప్పట్లు కప్పుకుని, కంటినిండా ఒక్క పూట నిద్ర పడితే చాలనుకుంది.

అత్తగారు వెంకటరావమ్మ తలుపు దగ్గర నిలబడింది. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు గదా, ఆ పప్పు కాస్త రుబ్బి పడుకో. నీకు బాగోలేదని కంకిపాడు కబురంపాను. రత్తయ్య బాబాయి చూడ్డానికొస్తున్నాడు. ఊరికే పంపుతామా?"

భర్త తిరుపతిరావు చెప్పులేసుకుంటూ, "ఇంట్లోనే ఉంటావుగా, కారియరొద్దులే. మధ్యాహ్నం వేడిగా వచ్చి తింటాను," అన్నాడు.

రత్తయ్య బత్తాయిలతో దిగాడు. "లేవకమ్మాయ్, లేవకు," అంటూ పీట వాల్చుకుని కూర్చున్నాడు. "కాఫీ మాత్రం కాస్త చిక్కగా పెట్టు."

రామతులసి మూకుట్లో గారెలు వేస్తుండగా హెడ్మిస్ట్రెస్ శౌరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆ ఏడాది రామతులసి తన పేర సెలవు చీటీల్లో రాసిన జ్వరాలన్నీ నిజానికి అత్తగారి మోకాలి నొప్పి, మొగుడి జలుబు. ఇంట్లోవాళ్ళ జబ్బులకు సెలవివ్వరు మరి. తీరా సొంత జ్వరం వచ్చేసరికి చేతిలో చిల్లుల గరిటె. ఇక ఉద్యోగం ఊడినట్టే.

"జ్వరమన్నారు," అంది శౌరమ్మ.

"పాపం, ఒళ్ళు కాలిపోతోందండీ," అన్నాడు రత్తయ్య నములుతూ. "గారెలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి."

శౌరమ్మ వంటింట్లోకి వెళ్ళి రామతులసి నుదుటి మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. గారె వద్దంది, కాఫీ వద్దంది.

"రేపు బడికి రండి," అంది మెల్లగా.

"ఎల్లుండి దాకా సెలవు పెట్టానండీ."

"సెలవు అలాగే ఉంటుంది. అందుకే రమ్మంటున్నాను."

మర్నాడు రామతులసి సంచీ తగిలించుకుంటే, "చూశావా, పనిలో పడితే జ్వరం దానంతటదే పోతుంది," అంది అత్తగారు.

బడి కుట్టు గదిలో చాప, దిండు, దుప్పటి, మూత పెట్టిన జావ గ్లాసు ఉన్నాయి. ఎవరూ లేపకుండా బయట గొళ్ళెం పెట్టి శౌరమ్మ వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చి నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. "ఇంటి గంట కొట్టేశారమ్మా."

రామతులసి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఇంకాసేపు జ్వరం ఉందనుకోండి, అమ్మగారూ."