జములమ్మ అలక

జములమ్మ అలుగుతుంది. బిజినేపల్లిలో అలగనివాళ్లెవరు అంటారేమో, కానీ ఆమె అలక నెలకోసారి ఖాయం. కారణమే కొత్తది. ఒకసారి పప్పులో పులుపు ఎక్కువైందని అలిగింది. పప్పు చేసింది తానే. ఇంకోసారి పెళ్లిపత్రికలో తన పేరు వేయలేదని అలిగింది. ఆ పెళ్లి ఎవరిదో ఆమెకు తెలియదు.

అలిగిందంటే గరిటె తెచ్చి మొగుడు నర్సింహులు చేతిలో పెడుతుంది. "మీరే వండుకోండ్రి! నాకు కాళ్లు గుంజుతున్నయి. ఒత్తనీకె కోడలు నా తాన్నే ఉంటది." కోడలు రేఖను లోపలి అర్రలోకి లాక్కుపోయి గడియ పెడుతుంది. కాళ్లు ఒత్తించుకోదు. పడుకుని గురక పెడుతుంది. బుజ్జగించడానికి కొడుకు మల్లేశ్ కిటికీలోంచి బజ్జీల పొట్లం అందిస్తే మాత్రం లేచి, రేఖకు ఒక్కటీ పెట్టకుండా అన్నీ తానే తింటుంది.

ఎలాంటి ఇంట్లో పడ్డానురా దేవుడా అని రేఖ నోరు తెరిచి చూసేది. చూస్తూ చూస్తూ తానూ నిద్రపోయేది.

ఆ ఉదయం రేఖకు ఒళ్లంతా బరువుగా ఉంది. ఎవరు మాట్లాడినా చెవిలో గీరినట్టుంది. నర్సింహులు చాయ్ తాగి, "ఇండ్ల చక్కెర ఏశినవా, మర్శినవా?" అన్నాడు. అంతే. చెంబు ఎగిరి వాకిట్లో బండి అద్దానికి తగిలింది. అద్దం పగిలింది. రేఖ తన చెయ్యినే నమ్మలేనట్టు చూసుకుంది.

నర్సింహులు చాయ్ గ్లాసు పక్కన పెట్టి కొడుకు వైపు తిరిగాడు. "మల్లేశూ, పెద్దమందడికి ఫోన్ కొట్టు. వాళ్ల నాయిన్ను రమ్మను. బిడ్డను తోల్కపోయి, బుద్ధి జెప్పినంకనే పంపుమను."

మల్లేశ్ బిక్కమొహంతో ఫోన్ తీశాడు.

"చెంబు నేనిసిరిన!"

అందరూ తిరిగి చూశారు. జములమ్మ గడపలో కూర్చుని ఉంది. రెండు చేతుల్లో బియ్యం చాట.

"మేమందరం సూసినం గదనే, కోడలే..." అన్నాడు నర్సింహులు.

"నీ కండ్లకు ఏం గనవడ్తది? నేనిసిరిన అంటె నేనిసిరిన! ఇంటిదాని మాటకు ఇలువ లేదా? పో, అలిగిన!"

గరిటె నర్సింహులు చేతిలో పడింది. అర్ర తలుపు మూసుకుంది. ఫోన్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

లోపల రేఖ వెక్కుతూ అడిగింది. "ఎందుకట్ల జెప్పినవత్తమ్మా?"

"పొద్దుగాల గిన్నెలు దబదబ ఎత్తేస్తున్నప్పుడే సమజైంది. రేపో ఎల్లుండో ముట్టయితవు. అవునా, కాదా?"

రేఖ ఏడుపు ఆగిపోయింది. పప్పు అలక, పెళ్లిపత్రిక అలక... అన్నీ తన ఆ రోజులకు ముందే!

"నాకూ గట్లనే ఉంటుండె బిడ్డా. ఇసుగు, ఏడుపు. దయ్యం పట్టిందని మా అత్త యాపమండలతోని కొట్టిచ్చింది." నవ్వుతూనే చెప్పింది. "నాగర్‌కర్నూల్ దవాఖాన్ల డాక్టరమ్మను నీ గురించి అడిగిన. 'దయ్యం లేదు, పొగరు లేదు, ఒంట్ల మార్పు. కంటినిండ పండుకోనియ్యి, ఉప్పు, చాయ్ తగ్గియ్యి, జర నడువుమను. ఎక్కువైతె తోల్కరా, మందిస్త' అన్నది. గీ ఇంట్ల కోడల్ని పగటిపూట ఎవలు పండుకోనిస్తరు? అత్త అలిగితె అలక, కోడలు అలిగితె పొగరు. గందుకే నీ వంతు గూడ నేనే అలుగుతున్న. ఇప్పుడు చెంబుదాంక వొచ్చింది గదా, సోమారం దవాఖానకు పోదాం."

కిటికీలోంచి పొట్లం వచ్చింది. రేఖ చెయ్యి చాపింది.

"ఉప్పు! నీకొద్దు," అంది జములమ్మ, మొదటి బజ్జీ కొరుకుతూ. "అయినా అలిగినందుకు నాకు కూలి గావద్దా?"

సోమవారం ఇద్దరూ దవాఖానకు వెళ్లివచ్చారు. మరుసటి నెల జములమ్మ టీవీ ముందు సీరియల్లో మునిగి ఉండగా రేఖ వచ్చి చెవిలో గొణిగింది.

"అత్తమ్మా, జర అలుగు."

జములమ్మ నిట్టూర్చింది. టీవీ కట్టేసి గొంతు సవరించుకుంది. ఆమె నోరు తెరవకముందే నర్సింహులు లేచి గరిటె కోసం వెళ్లాడు.