పొల్లు తీస్తే పూలు

ఒక్క పొల్లు చెరిపేసి ఒక కంపెనీని దాదాపు మూయించిన ఘనత నాది. తుపానుకైతే ముందస్తు హెచ్చరిక ఉంటుంది, నాకు ఉండదు. అందుకే ముందే చెబుతున్నాను. ఇది ప్రమాద వార్త. ప్రాణనష్టం లేదు గానీ పరువు నష్టం భారీగా జరిగింది.

పత్రికాఫీసు డెస్కు వదిలేసి మంగళగిరిలో ఒక బుల్లి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరిన కొత్తలో సంగతిది. కింద చీరల కొట్టు, పైన మేము. యజమాని శ్రావణిది మా అమ్మాయి వయసు. ఇంజినీరు గోపిది పెదకాకాని. వాళ్లు తయారుచేసినదాన్ని మామూలు మనుషులకు అర్థమయ్యే తెలుగులో రాయడం నా పని. జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దాను కాబట్టి నాకు తప్పులుండవని అప్పట్లో గట్టి నమ్మకం.

మా సాఫ్ట్‌వేర్ కంప్యూటరుకు మేస్త్రీ లాంటిది. తూకం చీటీ తీయడం, బిల్లు వేయడం, రైతుకు మెసేజి పంపడం లాంటి పనుల్లో ఏది ముందో ఏది వెనకో అదే చెబుతుంది. అన్నీ ఒక్కసారే మీద పడితే కంప్యూటరు చతికిలబడుతుంది. అందుకని ఒక్కో రకం పనికి ఇన్నే చోట్లని గిరి గీస్తారు. ఆ చోట్లన్నీ కలిపితే ఒక పూల్. ఏ పూల్‌లో ఎన్ని చోట్లు నిండాయో, ఎన్ని ఖాళీయో, ఎన్ని పనులు వరసలో ఉన్నాయో చూపించడానికి గోపి ఒక టూల్ చేశాడు. దాని గురించి నేనొక పేజీ రాయాలి. ఇదంతా ఇప్పుడు గడగడా చెబుతున్నాను గానీ అప్పుడు నాకు తెలిసింది సున్నా.

"సార్, శుక్రవారం కోటేశ్వరరావుగారికి చూపించాలి" అంది శ్రావణి. ఆయనకు గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. "మనకు మొదటి కస్టమరు. ఆయన ఊఁ అంటే ఉంటాం. లేదంటే ఈ గది కింద కొట్టువాళ్లకి గోడౌనే."

"రాసేది నేను కదమ్మా, నిశ్చింతగా ఉండు" అన్నాను. పాపం, ఉంది.

గోపి ఫోన్లో వివరాలు పంపాడు. మొదటి మాటే 'పూల్ జాబితా'. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చదువు చదివాడు, పొల్లు ఎక్కడ పెట్టాలో తెలియదనుకుని చెరిపేశాను. 'పూల జాబితా' అయింది. చూడముచ్చటగా ఉంది. పైగా అతను జతచేసిన నమూనాలో మూడు పేర్లున్నాయి, మల్లె, బంతి, చామంతి. వాళ్లింట్లో పూలతోట ఉంది, చేతికొచ్చిన పేర్లు పెట్టాడన్నది తర్వాత తెలిసిన సంగతి.

అయినా ధ్రువీకరించుకోవాలి కదా, పత్రికవాణ్ని.

"ఒరేయ్ గోపీ, ఇవి పూలేగా?"

చెవుల్లో పాటలు పెట్టుకున్న గోపి తల తిప్పకుండానే, "ఆఁ, పూల్సే గురువుగారూ" అన్నాడు.

బహువచనానికి ఇంకో బహువచనమా అని జాలిపడి కూర్చున్నాను.

మిర్చి గోడౌనుకు పూలెందుకన్న అనుమానం రాకపోలేదు. చల్లగా ఉంటుంది, పూలు కూడా దాస్తారు కాబోలని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. 'చోట్లు' అనే మాట అందంగా లేదని 'బుట్టలు' చేశాను. ఇక కలం ఆగలేదు. "మల్లెకు నాలుగు బుట్టలు. మూడు నిండాయి, ఒకటి ఖాళీ. బంతికి రెండు, రెండూ నిండాయి. బయట వరసలో తొమ్మిది మంది ఉన్నారు. తోసుకోవద్దని మనవి. పూలపై అప్పుడప్పుడు నీళ్లు చిలకరించండి." ఆ చివరి మాట పూర్తిగా నా సొంతం.

శుక్రవారం కోటేశ్వరరావుగారి గదిలో మిరప ఘాటుకు ముగ్గురం తుమ్ముతూ కూర్చున్నాం. శ్రావణి నా మీద నమ్మకంతో చదవకుండానే పేజీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు. మల్లె దగ్గర శ్రావణి తుమ్ము ఆగిపోయింది. నీళ్ల దగ్గర ఊపిరి కూడా ఆగినట్టుంది.

"ఏమ్మా, ఈ మిరప కోరుకి మడుసులే నిలబడలేరు, మల్లెపూలు నిలబడతయ్యా? పైగా నీళ్లు చల్లమంటన్నారు. చుక్క పడితే చాలు, కాయంతా బూజు పట్టుద్ది. నన్ను ముంచటానికొచ్చారా, బాగు చేయటానికొచ్చారా?"

"గురువుగారూ, అది పూల్. పూలు కాదు" అని గోపి గొణిగాడు.

"అడిగితే పూలే అన్నావుగా?"

"పూల్సే అన్నా."

"మరి అదేగా."

"మీ తగువు బస్సులో పడండి" అన్నారు కోటేశ్వరరావుగారు. "ఆ పూలేందో నాకు చెప్పండి. లేదంటే లెగండి."

శ్రావణి బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసింది. గోపి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఒకేసారి ఇన్ని పనులే నడవాలని గిరి గీసిన చోటండీ. నిండితే తర్వాతి పని బయట ఆగాలి."

ఆయన కిటికీలోంచి చూశారు. ప్లాట్‌ఫారం దగ్గర లారీలు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దింపుతున్నాయి, మిగతావి గేటు బయట హారన్లు కొడుతున్నాయి. మళ్లీ నా కాగితం తీసి, ఈసారి నెమ్మదిగా చదివారు.

"మల్లె ప్లాట్‌ఫారం. నాలుగు బళ్లకి చోటు, ఒకటి ఖాళీ. బంతి నిండింది, తొమ్మిది గేటు బయట. తోసుకోవద్దు." కళ్లజోడు తీశారు. "ఇదివరకు వచ్చినోళ్ల కాగితాలు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇది బానే ఉందే. రాసిందెవరు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తుమ్మాను.

"ఆ నీళ్ల సంగతి తీసెయ్యండి. మిగతాది అట్టాగే ఉంచండి, పేర్లు కూడా" అని సంతకం పెట్టారు.

ఆఫీసు నిలబడింది. ఇప్పటికీ అక్కణ్ణుంచి ఫోనొస్తే, "సార్, చామంతి కిటకిటలాడతంది, మల్లె ఖాళీగా కూచుంది" అంటారు. విన్నవాళ్లు మాది పూలకొట్టు అనుకుంటున్నారు.

నేను మాత్రం కొండెక్కి నరసింహస్వామికి పానకం పోయించి, ఇక జన్మలో ఒకరి పొల్లు ముట్టనని భక్తిగా ఒట్టు పెట్టుకున్నాను. స్వామి ఎప్పట్లాగే సగమే పుచ్చుకుని, మిగతా సగం తిరిగిచ్చేశాడు. కాబట్టి ఒట్టు కూడా సగమే చెల్లిందేమోనని నా అనుమానం.