మామయ్య కలిపిన మీగడ రంగు

మా మామయ్యగారితో రంగుల గురించి వాదించి గెలిచినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. నలభై ఏళ్ళు ఇళ్ళకు రంగులు వేశారాయన. షాపులో మిషను కలిపిచ్చే రంగంటే ఒళ్ళుమంట. తెల్లరంగు డబ్బా మూత తీసి, చిన్న సీసాల్లోని చిక్కటి రంగుల్ని చుక్కలు చుక్కలుగా వేసి, కర్రతో తిప్పి, ఒక కన్ను మూసి చూసి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" వచ్చాక ఇక అప్పీలు లేదు. ఇంటివాళ్ళు నచ్చలేదన్నా, "ఆరనివ్వండి, అప్పుడు మాట్లాడండి" అని నిచ్చెన మడిచేసేవారు.

అలాంటి మనిషి చేతిలో పెట్టాను, పుట్టబోయే బిడ్డ గదిని. నా బుద్ధి తక్కువ.

నేనడిగింది ఏమంత పెద్ద కోరిక కాదు. గులాబీ వద్దు, నీలం వద్దు, మీగడ రంగు వెయ్యండి అన్నాను. నేను పుట్టకముందు మా ఇంట్లో అందరూ మగపిల్లాడే అని తీర్మానించేసుకుని, గదికి నీలం కొట్టించి, గోడ నిండా కార్ల బొమ్మలు అంటించారు. తీరా వచ్చింది నేను. మళ్ళీ రంగు వేయించడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ గదిలోనే పడుకున్నాను. వచ్చిన చుట్టాలందరూ "ఇది మీ తమ్ముడి గదేనా?" అని అడిగేవారు. నాకు తమ్ముడు లేడు. నా బిడ్డ మాత్రం ఇంకెవరికోసమో సర్దిపెట్టిన గదిలోకి రాకూడదు. నా పంతమల్లా అదే.

వింటే కదా ఎవరైనా. మా అమ్మ గులాబీ కర్టెన్లు పంపింది, ఆడపిల్లేనని కలొచ్చిందట. అత్తయ్య నా నడక చూసి మగపిల్లాడని తేల్చేశారు. మా ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో మాట పెరిగితే చాలు, డ్యూటీ ఉందని చెప్పులేసుకుంటాడు. ఆఖరికి క్లినిక్కులో ఇచ్చిన కార్డు కూడా లేత నీలమే. ఫ్రిజ్ తలుపుకి పెట్టిన ఆ కార్డు కనబడినప్పుడల్లా చిరాకేసేది. కర్టెన్లు అటకెక్కించాను, కార్డుని ఏం చెయ్యగలను?

మామయ్యగారు ఒక్కరే నా పక్షం. "బిడ్డ రాకముందే గోడకెందుకమ్మా తొందర" అన్నారు. ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. డాక్టరు చెప్పిన తేదీకి నెలరోజులుంది.

మూడో రోజు గది తలుపు తీసి చూద్దును కదా, నాలుగు గోడలూ లేత నీలం.

ఇది నీలం అన్నాను. ఆరనివ్వమన్నారు. ఆరింది, ఇంకా నీలమే. మళ్ళీ చెప్పాను. కాదు, పసుపు పొడుచుకొస్తోంది, ఇంకో చుక్క నీలం వేస్తే అణుగుతుందని రెండో పూత వేశారు. ముందుకంటే నీలం! అత్తయ్య గుమ్మంలో నిలబడి, చూశావా, మీ మామయ్యక్కూడా తెలిసిపోయింది అని ఒకటే మురిసిపోవడం. అప్పుడు నాకు అనుమానం గట్టిపడింది. ఇద్దరూ కూడబలుక్కుని ఈ నాటకం ఆడుతున్నారు. నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు. ఆయన మూడో పూతకి నిచ్చెనెక్కేసరికి నాలో ఇక మొహమాటం మిగల్లేదు.

"మనవడు కావాలంటే కావాలని చెప్పండి మామయ్యగారూ. నా కళ్ళముందే అబద్ధమాడకండి."

బ్రష్షు గోడ మీద ఆగిపోయింది. ఆయన్ని మొండివాడన్నవాళ్ళున్నారు, నోటి దురుసన్నవాళ్ళున్నారు, అబద్ధమాడారని మాత్రం అప్పటిదాకా ఎవరూ అనలేదు. నిచ్చెన దిగారు. వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ మీది నా క్లినిక్ కార్డు పట్టుకొచ్చి గోడకి ఆనించారు.

"ఇదిగో తెల్ల కాగితం. దీని పక్కన పెట్టి చూడు. గోడ నీలమైతే తేడా తెలియదూ?"

కార్డు అంచు ఎక్కడుందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రెండూ అచ్చంగా ఒకటే రంగు. అత్తయ్య మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"మామయ్యగారూ, ఆ కార్డు నీలం" అన్నాను మెల్లగా.

ఆయన అత్తయ్య వైపు చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక రంగు గురించి ఆవిణ్ణి అడగడం అదే మొదలు. ఆవిడ తలూపారు. ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కార్డుని అటూ ఇటూ తిప్పి చూశారు. నిరుడు ఒక టీచరమ్మ తన హాలు బూడిద రంగు కాదు, నీలంగా ఉందంటే, ఆవిణ్ణి నానా మాటలూ అని పని మధ్యలో వదిలేసి వచ్చారు.

"ఆవిడ నిజమే చెప్పిందన్నమాట" అన్నారు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పయిపోయింది మామయ్యగారూ అంటే, నువ్వూ నిజమే చెప్పావులేమ్మా అని చెయ్యి ఊపేశారు.

రెండు కళ్ళలోనూ శుక్లాలట. ముదిరితే అన్నీ పసుపుగా కనిపిస్తాయని కంటి డాక్టరు చెప్పారు. పాపం, కంట్లో ఉన్న పసుపుని గోడమీద అణచాలని చూశారు ఇన్నాళ్ళూ. ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ నా కాన్పు తర్వాత. ఈలోగా వేరే పెయింటర్ని పిలుద్దామని నోరు జారాను. ఆయన చూసిన చూపుకి ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే కిటికీలన్నీ తీసి, కుర్చీ తెచ్చి వెలుతురులో వేశారు. నన్ను కూర్చోబెట్టి కొత్త డబ్బా మూత తీశారు.

"నువ్వు చూడు. నేను తిప్పుతా."

పసుపు ఒక్కో చుక్కా పడుతోంది. నడుం లాగేస్తున్నా కదల్లేదు నేను. చాలు అన్నాను. చెయ్యి ఆగింది. నిజంగానా అని అడిగారు. నిజంగానే అన్నాను. ఆయన నోటినుంచి "ఊఁ" రాలేదు. తన కంటికి ఆనని రంగుని, నా మాట మీద నాలుగు గోడలకీ వేశారు.

బిడ్డ వచ్చింది. ఆడా మగా అని మీరూ అడుగుతారని తెలుసు. చెప్పను. ఇంటికొచ్చినవాళ్ళకి ఆ గది చూస్తే తెలియదు, నాకు అంతే చాలు.

నెల తిరిగాక ఆయనకి ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు సరాసరి ఆ గదిలోకి వచ్చారు. వెనకాల అత్తయ్య, చేతుల్లో బిడ్డతో నేను. ఆపరేషన్ కాని కన్ను మూసుకుని నాలుగు గోడలూ తిరిగి చూశారు. పరీక్ష ఫలితాల కోసం కూడా నేనంత ఊపిరి బిగబట్టలేదు.

"పసుపు కొంచెం ఎక్కువైంది" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. నెల దాటింది, గోడ ఎప్పుడో ఆరిపోయింది. అయినా సరే,

"ఆరనివ్వండి, అప్పుడు మాట్లాడండి" అన్నాను.

ఆయన తిరిగి నన్ను చూశారు, బిడ్డను చూశారు, మళ్ళీ గోడను చూశారు.

"ఊఁ" అన్నారు.