రెండు గీతలకు కిలో కలాకంద్

ఒక్క దెబ్బతో రెండు కుటుంబాల నోళ్లు తెరిపించి, మూయడం చేతకాక నిలబడిపోయిన మగవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదవండి. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా వీపు మీద చెమట పడుతుంది. మా ఆవిడకు మాత్రం నవ్వొస్తుంది. అప్పట్లో రాలేదు లెండి.

అప్పుడు మేం నాంపల్లిలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నేను అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పని చేసేవాణ్ని. లావణ్య కోఠి దగ్గర బడిలో టీచరు. పిల్లలు కావాలని అనుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ప్రతి నెలా ప్రెగ్నెన్సీ స్ట్రిప్ తెచ్చుకోవడం, దాని మీద ఒక్క గీతే రావడం, ఆ తర్వాత స్నానాలగదిలో కుళాయి చాలాసేపు పారడం. ఆ నీళ్ల చప్పుడు ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు బయట పేపరు తిరగేసేవాణ్ని. ఈ విషయంలో నా విజ్ఞానమంతా అంతే: ఒక గీత అంటే లేదు, రెండు గీతలంటే ఉంది.

ఒకరోజు పొద్దున్నే లావణ్య బస్సు తప్పిపోతుందని పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. పళ్లు తోముకుంటూ చూస్తే స్నానాలగది కిటికీ గట్టు మీద స్ట్రిప్. దాని మీద రెండు గీతలు! లేతగా కూడా కాదు, పెళ్లిపత్రిక మీద అచ్చేసినంత ముదురుగా. నోట్లో నురుగుతోనే నేల మీద కూలబడ్డాను. నాకు చెప్పకుండా వెళ్లిందంటే సాయంత్రం చెప్పి సంబరపెడదామని కాబోలు. నేనే ముందు ఆమెను సంబరపెడితే? ఇక్కడే ఎవరైనా నన్ను పట్టుకుని మంచానికి కట్టేసి ఉండాల్సింది.

కాచిగూడలో ఉన్న అమ్మకు ఫోన్ కొట్టాను.

"అమ్మా, నువ్వు నానమ్మవైతున్నవ్. ఎవ్వరికీ చెప్పకు, జర ఆగు."

"నేనెందుకు చెప్తరా? నా నోట్లకెళ్లి ఒక్క మాట రాదు."

నేను అబిడ్స్ చేరేసరికి మా అత్తమ్మ ఫోన్. "వదినె ఇప్పుడే చెప్పింది బాబూ! మామ, నేను సాయంత్రం వస్తున్నం. బిడ్డకు చెప్పకు, మమ్మల్ని చూసి ఖుషీ కావాలె."

ఆ రోజు దుకాణంలో దూరపు చూపు అడిగిన పెద్దాయనకు దగ్గరి చూపు అద్దాలు పెట్టి పంపబోయాను. ఆయన పాపం అద్దంలో తనకే నమస్కారం పెట్టుకున్నాడు. సాయంత్రం కిలో కలాకంద్ పట్టుకుని ఇంటికి చేరితే, అమ్మ అప్పటికే పెద్ద సంచీతో దిగి ఉంది.

"మూడు నెలలు ఈడ్నే ఉంట. కోడల్ని మంచం దిగనియ్య."

అత్తమ్మ, మామ కూడా వచ్చేసరికి పడకల ఏర్పాటు అయిపోయింది. లోపలి గదిలో లావణ్య, అమ్మ, అత్తమ్మ. ముందు గదిలో నేను, గురకకు పేరుమోసిన మా మామ.

లావణ్య గుమ్మంలో కాలు పెట్టగానే అమ్మ దిష్టి తీసి నోట్లో కలాకంద్ కుక్కింది.

"ఏందత్తమ్మా ఇది?"

"నన్నడుగుతవా బిడ్డా? ముందుగాల గా మెట్లు గంత జల్ది ఎందుకెక్కినవ్?"

లావణ్య అందరినీ చూసి, చివరికి నన్ను చూసింది. నేను కన్ను కొట్టాను. ఆ కన్ను ఇంకా నా ముఖం మీదే ఉందంటే ఆమె దయ.

"మీరు జర వంటింట్లకు రాండి," అంది. తలుపు మూయగానే 'మీరు' ఎగిరిపోయింది.

"ఏం చెప్పినవ్ వాళ్లకు?"

"రెండు గీతలు చూసిన లావణ్యా!"

"గది ప్రెగ్నెన్సీది కాదు! అండం ఎప్పుడు విడుదలైతదో తెల్సుకునే స్ట్రిప్!"

పై అరలోంచి డబ్బా తీసి నా ముక్కు ముందు పెట్టింది. 'ఓవ్యులేషన్' అని కొట్టు బోర్డు మీద రాసినంత పెద్ద అక్షరాలు. రోజంతా జనానికి చూపు సరిచేసే మనిషిని నేను.

"రెండూ ఒకటి కాదా?" అన్నాను నీరసంగా.

"డాక్టరమ్మ చెప్పలే? పీరియడ్‌కు రెండు వారాల ముందు, అటూ ఇటుగా అండం వస్తదని? నాకు ప్రతిసారీ పీరియడ్ ఆలస్యంగ వస్తది కాబట్టి అండమూ ఆలస్యమే, నెల నడుమ తారీఖు చూసుకుంటే లాభం లేదని? అప్పుడేం చేస్తున్నవ్ నువ్వు?"

అప్పుడు నేను డాక్టరమ్మ కళ్లద్దాల ఫ్రేము వంకరగా ఉందని చూస్తున్నాను.

"ఇన్ని నెలలు మనం తప్పు రోజులే లెక్కేసుకున్నం. రెండో గీత గింత ముదురుగ వచ్చిందంటే ఇయ్యాలో రేపో అండం వస్తది. మొదటిసారి సరైన రోజు తెలిసింది. గా రోజే ఇంటి నిండ మనుషుల్ని పిలిచినవ్!" డబ్బాను గట్టు మీద పడేసింది. "మీ అమ్మ మొఖం చూసినవా? ఇప్పుడామెకు ఏం చెప్పాలె?"

నా తప్పు నేనే చెబుతానని బయటికి వచ్చాను.

"అమ్మా... ఇంక కాలే. నేనే తప్పు చూసిన."

మామ చేతిలో కలాకంద్ నోటి దగ్గరే ఆగింది. అమ్మ ముఖంలో వెలుగు తగ్గడం చూడలేక గబగబా అనేశాను. "గది కడుపు సంగతి కాదు. ఇయ్యాల, రేపు మంచిరోజులని చెప్పే స్ట్రిప్."

"దేనికి మంచిరోజులు?" అన్నాడు మామ.

అత్తమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచింది. ఆయనకు అర్థమై, కలాకంద్ నమలకుండానే మింగి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అమ్మ లావణ్య చెంప నిమిరింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. అయితది. గీనికి పుట్టినప్పటి సంది అన్నిట్ల తొందరే." సంచీ భుజాన వేసుకుంది. తర్వాత మెట్ల మీదినుంచి ఆమె గొంతు బిల్డింగంతా మోగింది.

"జల్ది దిగు వదినే! ఇయ్యాలనే మంచిరోజంట, పిల్లలిద్దర్ని ఒంటరిగ వదిలెయ్యాలె!"

కింది పోర్షన్ల కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

ఆ మంచిరోజు రాత్రంతా నేను ముందు గదిలో చాప మీద ఒంటరిగా పడుకున్నాను. లావణ్య రెండు రోజులు మాట్లాడలేదు. మరికొన్ని నెలలకు, రోజులు సరిగ్గా చూసుకున్నాక, అసలు స్ట్రిప్ మీద అసలైన రెండు గీతలు వచ్చాయి. ఆ కబురు లావణ్య నాకంటే ముందు మా అమ్మకు చెప్పింది. అదేమని అడిగితే, "నీతో పోలిస్తే అత్తమ్మ నోరే నయం," అంది.

కనుక నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ స్ట్రిప్ మీద ఎన్ని గీతలు కనిపించినా, డబ్బా మీది అక్షరమక్షరం చదివి, మా ఆవిడ అనుమతి తీసుకున్న తర్వాత తప్ప, కలాకంద్ కాదు కదా, చక్కెర పలుకు కూడా ఎవరి నోట్లోనూ పెట్టను.