ఆహిస్తా ఫరీద్ తీసిన కోలాటం

తాండూరు స్టూడియో ఫరీద్‌కు ఒకటే జబ్బు: ఎవరు కనబడ్డా "ఆహిస్తా!" అనడం. ఫొటోకు కొయ్యలా కూర్చున్న పెళ్లికొడుకును కూడా "జర ఆహిస్తా, భాయ్" అని బతిమాలేవాడు. ఇంతకన్నా నెమ్మదిగా కదలకుండా ఎలా ఉండాలో ఆ పెళ్లికొడుక్కు తోచేది కాదు.

1978లో అతనికి ఎక్కడిదో పాత సినిమా కెమెరా దొరికింది. కోలాటం తీస్తానన్నాడు. నాలుగు నిమిషాల మూగ రీలు, ఆడేది ఎనిమిది మంది. అందులో యోహాను ఒకడు. వికారాబాద్‌లో డిగ్రీ మొదటి ఏడే వదిలేసి, ఎవరితోనూ పొసగక తిరుగుతున్నవాడు. హైదరాబాద్ నాట్యబృందం పెద్దమనిషి ఒకాయన వచ్చి రీలు చూస్తాడట, నచ్చినవాణ్ణి తీసుకుపోతాడట. యోహాను బతుకంతా ఆ నాలుగు నిమిషాల మీదే ఉంది.

ఫరీద్ అడుగులు నేర్పుతుంటే మాత్రం ఎత్తిన కాలు కిందికి దిగేలోపు తిమ్మిరెక్కేది. డప్పు బిచ్చయ్య ఒక దెబ్బ కొట్టి, బీడీ ముట్టించి, అప్పుడు రెండోది కొట్టేవాడు.

"గిది ఆటనా, పీనుగను మోసుకపోతున్నమా, ఫరీద్ భాయ్?" అని యోహాను విసుక్కున్నాడు.

"ఆహిస్తా, బేటా. ఎగరాల్నంటే సర్కస్‌ల చేరు."

"గా జంగప్ప మామనన్న తీసెయ్. ఆయన అడుగు పడేసరికి నాకు ముసలితనం వస్తది."

"తీసేస్త. ముందుగాల నిన్ను."

జంగప్పది యాలాల్. ఒకప్పుడు కోలలు పడితే అందరికీ అతనే ముందు. ఇరవై ఏళ్లు నాపరాతి గనిలో బండల దుమ్ము మింగాడు. దగ్గు మొదలవగానే యజమాని ఒక శాలువా కప్పి గేటు చూపించాడు. ఊరికి ఆ శాలువా ఖర్చు కూడా లేదు, ఏ పెళ్లిలోనూ ఆటకు పిలవడం మానేసింది, అంతే.

తీసే రోజు యోహాను ఓపిక చచ్చింది. కెమెరా గిర్రుమనగానే తనొక్కడూ ఎగిరాడు, గిరగిరా తిరిగాడు. ఫరీద్ "ఆహిస్తా!" అని గొంతు చించుకున్నాడు. ఉన్నది ఒక్కటే రీలు, ఆపడానికి లేదు.

పెద్దమనిషి వచ్చిన మధ్యాహ్నం బండల గోదాం తలుపులు మూసి, గోడకు దుప్పటి కట్టి బొమ్మ వేశారు. ఈసారి బిచ్చయ్య డప్పు చురుగ్గా మోగించాడు. తెర మీద ఏడుగురు గాలిలా తిరిగారు. అందరికన్నా ముందు జంగప్ప! దగ్గు లేదు, ఆయాసం లేదు. మధ్యలో యోహాను వేడి పెనం మీద పడ్డ మిడతలా కొట్టుకుంటున్నాడు. గోదామంతా విరగబడి నవ్వింది.

"ఆ మిడత ఎవరయ్యా?" అంటూ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. ఎవరినీ తీసుకోకుండానే బస్సెక్కాడు.

యోహాను ఫరీద్ కాలరు పట్టుకున్నాడు. "ఏం చేసినవ్ భాయ్ నన్ను?"

"కెమెరా సగం వేగంల తిప్పిన. గట్ల తీస్తే తెర మీద అంత జోరుగ ఉరుకుతది, మెల్లగ ఆడితేనే మంచిగ కనబడ్తది. నువ్వు ఎగిరినవ్, అది రెండింతలైంది."

"ముందే చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

"మీకు చెప్తే జంగన్నకు తెల్వదా? ఆయన ఊపిరి కోసం అందరూ మెల్లగ ఆడుతున్నరంటే ఆయన కోల ముట్టుకుంటడా?"

కాలరు మీద పట్టు సడలింది. అంతలో జంగప్ప దగ్గుకుంటూ, మెరిసే కళ్లతో వచ్చాడు.

"మెల్లగనే ఆడిననుకున్న గని, మస్తు ఆడిన గదర! మరి నువ్వేంది, గట్ల ఆగమాగం ఎగిరినవ్?"

యోహాను నాలుక చివర బూతు ఒకటి సిద్ధంగా ఉంది. మింగేశాడు.

"నిన్ను అందుకోవద్దా, మామా? ఉరికి ఉరికి సచ్చిన."

జంగప్ప జాలిగా అతని భుజం తట్టాడు.

"గా ముక్క ముందే చెప్పొద్దుర? నీ కోసం జర మెల్లగ ఆడేటోణ్ణి."