మామ నన్ను పందేనికి మేపిన ఏడాది

ఆ రోజుల్లో ఒంటికి వ్యాయామం కావాలని మాకెవరూ చెప్పలేదు. బావి నుంచి నీళ్ళు తోడడం, చేనికి ఎరువు మోయడం, కట్టెలు కొట్టడం, అంతా వ్యాయామమే. ఊరికే పరుగెత్తేవాడు కనబడితే, వెనక కుక్క ఏమైనా పడిందా అని అడిగేవాళ్ళు. నేను మాత్రం ఒక ఎండాకాలమంతా కుక్క లేకుండానే పరుగెత్తాను. (ఐదో తరగతితో బడి మానేసిన వాడిని, ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.)

మాది పత్తికొండ దగ్గర పల్లె. మా మేనమామకు బండలాగుడు ఎద్దుల జత ఉండేది. పెద్ద బండను గొలుసుతో కట్టి ఎద్దులతో లాగించే పందెం అది. ఎద్దుల పక్కనే చర్నాకోల తిప్పుతూ, కేకలు వేస్తూ మనిషి కూడా పరుగెత్తాలి. కర్నూలు, కడప వైపు ఏ తిరునాళ్ళ జరిగినా మామ ఆ జతతో పోయేవాడు. ఒక ఏడు వానలు లేవు, మేత లేదు. ఎద్దులను అమ్మేశాడు. ఆ రోజు నుంచి మాట మానేశాడు. ఖాళీ కొట్టంలో ఎద్దులు మేత మేసిన గాడికి ఆనుకుని కూర్చునేవాడు, పెట్టిన సంగటి సగం కూడా తినేవాడు కాదు. అత్త నన్ను పెరట్లోకి పిలిచి, "ఒరే అల్లుడా, మీ మామ నాకు దక్కేట్టు లేడురా. ఆయనకేదన్నా పని పెట్టు" అని కళ్ళు తుడుచుకుంది. మీసాలు కూడా సరిగా రాని నేను ఏం పని పెట్టగలను? తిరునాళ్ళలో మనుషులకు పరుగు పందెం ఉందని గుర్తొచ్చింది. కొట్టంలోకి పోయి, "మామా, పరుగు పందేనికి పేరిచ్చినా. నన్ను నువ్వే తయారు చెయ్యల్ల" అన్నాను. మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత లేచి నా తొడ పట్టి నొక్కి, "మేత సాలదు" అన్నాడు. ఎద్దులు పోయాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

మామకు తెలిసిన తయారీ ఒకటే, ఎద్దుల తయారీ. పొద్దున్నే నానబెట్టిన ఉలవలు, సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు. మధ్యలో నాలుక చాపమని చూసేవాడు, కనురెప్పలు ఎత్తి చూసేవాడు, పొద్దున చెంబు పట్టుకుని పోయి వచ్చిన సంగతి కూడా విచారించేవాడు (ఎట్లా వచ్చిందో వివరంగా చెప్పాలి). నడుముకు మోకు కట్టి, దాని చివర పాత రుబ్బురోలు కట్టి, నీళ్ళు లేని వంక ఇసుకలో లాగించేవాడు. మొదటి వారం నా ఒళ్ళు నాది కాదు. తొడలు పట్టేసి కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. గుండె చెవుల్లో కొట్టుకునేది.

"యాడ నొప్పి?" అనేవాడు మామ.

"యాడ లేదో అడుగు మామా."

"మంచిదే. ఎద్దుకైనా ముందు అట్లే అయితాది. కండ పని నేర్చుకుంటాండాది. వదుల్తాదిలే."

దారిన పోయేవాళ్ళు నిలబడి, "ఏమప్పా, కొత్త ఎద్దుకు కొమ్ములు యాడ?" అని అడిగేవాళ్ళు. అత్తకు మాత్రం కొమ్ముల గోల లేదు, వాసన గోల. "వానికి ఉలవలు పెట్టింది సాలు. ఇంట్లో మేం ఊపిరి పీల్చుకోవల్లనా వద్దా?" అనేది. కానీ అంటూనే నవ్వేది, ఎందుకంటే మామ నా పక్కనే కూర్చుని తినడం మొదలుపెట్టాడు. నా ఆకలి సంగతి చెప్పను, సంగటి ముద్ద గొంతు దిగక ముందే ఇంకోటి కావాలనిపించేది. మామ నువ్వుల నూనె పెట్టి పిక్కలు రుద్దుతుంటే మధ్యలోనే నిద్రపోయేవాడిని. ఒక పొద్దున వంకలో రోలు లాగుతుంటే, ఎప్పుడూ అడ్డం పడే ఊపిరికి ఉన్నట్టుండి దారి దొరికింది. రోలు వెనక వస్తోందన్న సంగతే మరిచిపోయాను. అంత తేలికగా ఈ లోకంలో ఇంకెప్పుడూ లేను.

పందెం నాడు ఊరి బయట నుంచి కాలువ వంతెన దాకా పోయి తిరిగి రావాలి. ఇక్కడే మేమిద్దరం తప్పులో కాలేశాం. నా కాళ్ళు రోలుతో పరుగెత్తడం నేర్చుకున్నాయి, రోలు లేకుండా ఎప్పుడూ పరుగెత్తలేదు. ఈల వేయగానే పలుపు తెంచుకున్న దూడలా ఎగిరిపోయాను. అందరూ ఎక్కడో వెనక. మామ పంచె ఎగగట్టి, చర్నాకోల గాల్లో తిప్పుతూ, "హోయ్, హోయ్, పో నాయనా" అని నా పక్కనే పరుగు. మైకులో, "ఆ పెద్దాయన ఎవురప్పా, పక్కకు రావల్ల" అంటున్నారు. ఆయనకు వినబడితే కదా. వంతెన దగ్గరికి వచ్చేసరికి నా పని అయిపోయింది. పొద్దున పెట్టిన ఉలవలు కడుపులో కదం తొక్కాయి, డొక్కలో కత్తి దిగినట్టయింది, గట్టు మీద కూలబడ్డాను. మామ చూపు దారి మీద ఉంది. పక్కన ఎద్దు లేదని ఆయన చూసుకోలేదు. వంతెన దగ్గర తిరిగి, అదే కేకతో, ఎదురొచ్చేవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ పోయాడు.

నేను డొక్క పట్టుకుని నడిచి వచ్చేసరికి జనం మామ చుట్టూ మూగి ఉన్నారు. పందెం చివర అడ్డం కట్టిన తాడును అందరికంటే ముందు తెంచింది ఆయనే. పెద్దమనుషులు ఏం చేయాలో తెలియక, "నీ పేరు రాయలేదు కదప్పా" అంటే, "నేను పందేనికి రాలేదు, వాన్ని తోలనీకి వచ్చినా. వాడు యాడ?" అని నా కోసం వెతుకుతున్నాడు. ఎన్నో ఏళ్ళు ఎద్దుల పక్కన పరుగెత్తి పరుగెత్తి ఆయన ఒళ్ళు ఎప్పుడో తయారై ఉంది. ఆ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆ సాయంత్రం మామ ముద్ద మీద ముద్ద అడిగి తిన్నాడు. "నీకు అంత ఊపిరి యాడిది మామా?" అంటే ముద్ద మింగి, "ఎప్పుడూ రొప్పేది ఎద్దులే అనుకుంటి. దాంట్లో నాదీ ఉండాదేమో" అన్నాడు. అత్త గోడ వైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. మరుసటి తిరునాళ్ళకు వేంపల్లె నుంచి ఒక రైతు వచ్చి, తన జత పక్కన పరుగెత్తమని మామను పిలుచుకుపోయాడు. అట్లా ఆయన చివరి దాకా ఎవరో ఒకరి ఎద్దుల పక్కన పరుగెత్తుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను కల్లూరులో షేర్ ఆటో తోలుతాను. కాళ్ళకు బ్రేకు తొక్కడం తప్ప పని లేదు. షుగర్ వచ్చింది, పొద్దున్నే నడవమని డాక్టరమ్మ చెప్పింది. నడుస్తున్నాను. ఆ వంకలో ఊపిరికి దారి దొరికిన పొద్దు మళ్ళీ వస్తుందేమో అని ఇప్పటికీ కొంచెం ఆశ. రెండు వీధులు పోగానే టీ కొట్టు వస్తుంది, నా కాళ్ళు నన్ను అడగకుండానే ఆగిపోతాయి. ఆనాటి మామ వయసు నాకు వచ్చేసింది. కాళ్ళు మాత్రం ఆయన తన వెంటే తీసుకుపోయాడు.