లెక్క సరిపోయింది, పిల్ల మారింది

ఇది చదివాక మీ పిల్లల్ని బడికి పంపడం మానేస్తామంటే ఆ పాపం నాది కాదు. ముందే చెబుతున్నాను. ఒక శుక్రవారం పొద్దున అల్వాల్‌లో ఒక టీచరమ్మ ఇరవై ఆరు మంది పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళింది. ఇరవై ఆరు మందినీ లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకొచ్చింది. అయినా ఒక పిల్ల పోయింది. అదెలా కుదురుతుందని అడుగుతారు. కుదిరింది. ఆ టీచరమ్మ నేనే కాబట్టి ఎలా కుదిరిందో కూడా నేనే చెప్పుకోవాలి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. రెండో తరగతి నా చేతిలో పెట్టారు. నేరేడ్‌మెట్ నుంచి రోజూ బస్సులో వెళ్తూ, బస్సులో ఉన్న వాళ్ళందరికీ నేను టీచర్నని తెలియాలని చేతిలో అట్టలూ రంగు కాగితాలూ కనబడేలా పట్టుకునేదాన్ని. అంత పొగరు.

మా బడిలో ప్రతి సోమవారం తలుపు పక్కన ఆ వారం పట్టిక అంటించాలి. ఏ రోజు ఏం నేర్పుతాం, ఏం చేయిస్తాం అన్నీ అందులో ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నానికి 'ఈ వారం మేం నేర్చుకున్నవి' అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా పెట్టాలి. ఆ వారం మా పాఠం 'మన చుట్టూ ఉన్న ప్రాణులు'. సోమవారం తలా ఒక ఆకు తెమ్మంటే ఒకడు మనీప్లాంట్‌ను కుండీతో సహా తెచ్చాడు. మంగళవారం చీమ బొమ్మ వేయమంటే చీమలన్నిటికీ బూట్లు వేశారు. బుధవారం తడి దూదిలో పెసలు నానబెడితే గురువారానికి మొలకలు రాలేదు, పెసలూ లేవు. ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు. శుక్రవారం పార్కుకు నడిచి వెళ్ళి పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ లెక్కపెట్టాలి.

పార్కు పది నిమిషాల నడక. ముందు నేను, వెనక మా ఆయా యాదమ్మ, మధ్యలో జంటలు జంటలుగా పిల్లలు. శుక్రవారం తెల్ల యూనిఫాం. మా బడికే కాదు, చుట్టుపక్కల సగం బళ్ళకు శుక్రవారం తెల్ల యూనిఫామే. ఈ ముక్క నాకు అప్పుడే తట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పార్కులో ఇంకో బడి పిల్లలు కూడా ఉన్నారు. జారుడుబల్ల దగ్గర తెల్ల బట్టల గుంపూ తెల్ల బట్టల గుంపూ కలిసిపోయి, పాలు పొంగినట్టు పొంగి, నాలుగు దిక్కులకూ పారాయి. నేను విజిల్ ఊదాను. "లైన్! లైన్! నోటి మీద వేలు! ఒక్క మాట వినబడకూడదు!" అని అరిచి, వెనక నుంచి ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఎర్ర రిబ్బన్ల రెండు జడలు పదిహేడు. ఎర్ర రిబ్బన్ల రెండు జడలు పద్దెనిమిది. ఎర్ర రిబ్బన్ల రెండు జడలు పంతొమ్మిది. ఇరవై ఆరుకి ఇరవై ఆరు. చూశారా నా జాగ్రత్త! యాదమ్మ చేత గ్రూప్ ఫోటో కూడా తీయించాను.

బడికి వచ్చి పిల్లల్ని బొమ్మలు వేయమని కూర్చోబెట్టి, ఫోటో గ్రూపులో పెట్టాను. వెంటనే చప్పట్లు, పూలు, నమస్కారాలు. నేను ఉబ్బిపోతూ ఉండగా శ్రీనిధి వాళ్ళమ్మ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది.

"మేడమ్, మా శ్రీనిధి ఎక్కడుందండీ ఫోటోలో?"

"వెనక వరుసలో ఉందండీ," అని చూడకుండానే టైపు కొట్టాను.

"వెనక వరుసలో అందరూ మగపిల్లలేనండీ."

"అయితే మధ్య వరుసలో, పొడుగు పిల్లల చాటున."

"మా అత్తగారు కూడా పెద్దది చేసి చూశారండీ. లేదంటున్నారు."

నవ్వుకుంటూ తలెత్తి శ్రీనిధి బల్ల వైపు చూశాను. ఎర్ర రిబ్బన్ల రెండు జడలు వంగి బుద్ధిగా పిట్ట బొమ్మ వేస్తున్నాయి. హమ్మయ్య. "శ్రీనిధీ!" అన్నాను. జడలు కదల్లేదు. "శ్రీనిధీ!" అన్నాను మళ్ళీ. పక్క పిల్ల మోచేత్తో పొడిచింది. జడలు పైకి లేచాయి.

ఆ ముఖాన్ని నేను జన్మలో ఎప్పుడూ చూడలేదు.

బొల్లారం రైలు గేటు పడ్డట్టు నా నోరు మూతపడింది. బల్ల పట్టుకుని నిలబడి అడిగాను.

"నువ్వెవరమ్మా?"

"లాస్య."

"ఇక్కడికెలా వచ్చావు?"

"మీరే కదా టీచర్ తెచ్చారు. నా తల మీద కొట్టి పంతొమ్మిది అన్నారు." కాస్త ఆగి, తప్పు దిద్దుతున్నట్టు చెప్పింది. "నేను పంతొమ్మిది కాదు టీచర్. నేను ఏడు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా తల్లీ!"

"మీరు నోటి మీద వేలు అన్నారు."

పక్క పిల్ల అందుకుంది. "నేను కూడా చెబుదామనుకున్నా టీచర్. నోటి మీద వేలు ఉంది."

క్రమశిక్షణ అంటే ఇదీ. మూడు నెలలుగా గొంతు చించుకుని నేర్పితే సరిగ్గా ఆ రోజే అబ్బింది.

శ్రీనిధి ఎక్కడ? పార్కులోనా? రోడ్డు మీదా? ఏడేళ్ళ పిల్ల. రోడ్డు దాటేటప్పుడు ఎప్పుడూ నా చున్నీ కొస పట్టుకునే పిల్ల. పైగా ఆ నెలంతా పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో ఒకటే మోత. ముఠా సంగతేమో గానీ, ఒక పిల్లను ఎత్తుకొచ్చింది మాత్రం ప్రస్తుతం నేనే. ఒకే గంటలో ఒక పిల్లను పోగొట్టి, ఇంకో పిల్లను ఎత్తుకొచ్చిన ఘనత నాకు తప్ప ఇంకెవరికీ దక్కి ఉండదు.

యాదమ్మను వరండాలోకి లాగి సంగతి చెప్పాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏందీ మేడం గిట్ల చేస్తివి! పోలీసోళ్ళు వస్తే నన్ను సుత తీస్కపోతరు!"

"ముందు వీళ్ళ బడి ఏదో తెలియాలి యాదమ్మా. లాస్యా, మీ స్కూల్ ఎక్కడమ్మా?"

"బస్సు ఎక్కితే వస్తుంది."

"మీ టీచర్ పేరేంటి?"

"టీచర్."

"మీ స్కూల్ పేరు?"

"మర్చిపోయా. భయమేస్తుంది టీచర్, మీరు అట్లా చూడకండి."

నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. యాదమ్మ ఆ పిల్ల కాలర్‌లో చెయ్యి పెట్టి ఒక తాడు బయటికి లాగింది. "గిదేంది మేడం, మెడల కార్డున్నది గద! జెర చూస్కోవద్దా?"

గుర్తింపు కార్డు. పేరు, బడి, క్లాస్ టీచర్ ఫోన్ నంబరు. ఇంత చదువు చదివిన నాకు తట్టలేదు చూడండి. వెంటనే ఫోన్ చేశాను. అటు వైపు ఒక పెద్దావిడ గొంతు. తన పేరు విజయలక్ష్మి అనీ, లాస్య క్లాస్ టీచర్ తనేననీ చెప్పింది.

"మీ పిల్ల ఒకమ్మాయి మా దగ్గరుందండీ," అన్నాను.

"లేదమ్మా, మా పిల్లలంతా ఉన్నారు. పార్కులోనూ లెక్కపెట్టాను, బస్సులోనూ లెక్కపెట్టాను. సరిగ్గా సరిపోయింది."

"నాకూ సరిపోయిందండీ! అదే కదా నా ఏడుపు! ఒక్కసారి మీ ఏడో నంబరు ముఖం చూడండి."

అటు చెప్పుల చప్పుడు. "ఏడో నంబర్!" అన్న పిలుపు. "ప్రెజెంట్ టీచర్!" అని సన్నని గొంతు. అది నా శ్రీనిధి గొంతు! నా ప్రాణం లేచి వచ్చింది. అటు వైపు మాత్రం ఏదో కుర్చీ పడిన చప్పుడు, "అయ్యో దేవుడా" అన్న కేక. చివరికి గుసగుసగా, "అమ్మా, మీ ప్రిన్సిపల్‌కి తెలుసా?"

"లేదండీ."

"మా వాళ్ళకీ తెలియదు. పార్కు గేటు దగ్గరకి రా."

పిల్లల్ని యాదమ్మకు అప్పజెప్పి, లాస్య చెయ్యి పట్టుకుని, సికింద్రాబాద్ స్టేషన్లో చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చారని విన్న ప్రయాణికుడిలా పరుగెత్తాను. ఆటో ఎక్కాను. అప్పుడు లాస్య, ఆ చుట్టుపక్కల వాళ్ళందరికీ వినబడేలా అడిగింది.

"టీచర్, నన్ను ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

అద్దంలో ఆటో అతని కళ్ళు నా మీద పడ్డాయి. "మేడమ్, పాప మీదేనా?"

"కాదు," అన్నాను. నిజం చెప్పడానికి అంతకంటే చెడ్డ సమయం ఇంకోటి ఉండదు.

ఆటో వేగం తగ్గింది. "మరెవరి పాప?"

"తెలియదు. అంటే, తెలుసు. పొద్దున తెలియదు, ఇప్పుడు తెలుసు. మారిపోయింది. తిరిగి ఇచ్చేయడానికే వెళ్తున్నాను."

"మారిపోవుడేంది మేడమ్? చెప్పుల జతనా ఏంది?" అతను ఒక చేత్తో ఫోన్ తీశాడు. "పాపా, నువ్వు చెప్పు బిడ్డా. గీమె ఎవరు నీకు?"

లాస్య నా ముఖంలోకి చూసింది. నా జీవితం, నా ఉద్యోగం, మా నాన్న పరువు, అన్నీ ఆ పిల్ల నోట్లో ఉన్నాయి. కాసేపు ఆలోచించి, "ఈమె కూడా టీచరే అంకుల్. బాగా ఏడుస్తుంది," అంది.

ఆటో అతనికి ఏమర్థమైందో గానీ ఫోన్ మాత్రం జేబులో పెట్టలేదు. పార్కు దగ్గర దించి, వెళ్ళిపోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పాపను ఎవరికిస్తవో చూసే పోతా," అన్నాడు. ఆ క్షణంలో అతని మీద చచ్చేంత భయం వేసింది. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు మా అందరిలోకీ పిల్లను సరిగ్గా చూసుకున్నది అతనొక్కడే.

ఇంకో ఆటో వచ్చి ఆగింది. నెరిసిన జుట్టు, జారిపోయిన కళ్ళజోడుతో విజయలక్ష్మి గారు దిగారు. ఆవిడ చేతిలో చెయ్యి వేసి, రెండో చేత్తో బిస్కెట్ తింటూ, ఊరేగింపులో పెళ్ళికూతురిలా నా శ్రీనిధి. పరుగెత్తుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ముక్కు, కళ్ళు, పైవరసలో ఊడిన పన్ను, అన్నీ సరిచూసుకున్నాను. అయినా నమ్మకం చాలక, "నువ్వు శ్రీనిధివే కదా?" అని అడిగాను.

"అవును టీచర్. అక్కడ మాత్రం నేను ఏడు."

"ఎందుకే ప్రెజెంట్ అన్నావు?"

"ఆ టీచర్ నా వైపు చూసింది. టీచర్ చూస్తే జవాబు చెప్పాలని మీరే కదా అన్నారు."

విజయలక్ష్మి గారు లాస్యను ఒళ్ళోకి లాక్కుని మెట్ల మీద కూలబడ్డారు. నేను చేరి మూడు నెలలేనండీ అన్నాను. "ఇరవై ఏళ్ళ సర్వీసు నాది," అన్నారు. "నీకు మూడు నెలలేనా? అదృష్టవంతురాలివి. ఇంత తొందరగా భయపడ్డం నేర్చుకున్నావు." ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏడ్చాం. పిల్లలిద్దరూ మాకు తమ రుమాళ్ళు ఇచ్చారు.

గండం గట్టెక్కిందనుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర శ్రీనిధి వాళ్ళమ్మ ఎదురయ్యేదాకా.

"మమ్మీ, ఇవాళ నేను వేరే స్కూల్‌కి వెళ్ళొచ్చా. అక్కడ నాకు బిస్కెట్ ఇచ్చారు," అంది శ్రీనిధి.

"చూశారా మేడమ్, ఎన్ని కథలు అల్లుతుందో! ఈ మధ్య అబద్ధాలు మరీ ఎక్కువైపోయాయండీ. మీరే గట్టిగా భయం చెప్పండి. నేను చెబితే వినదు."

శ్రీనిధి నా వైపు చూసింది. టీచర్ చెబుతుందిలే అన్న ధీమాతో చూసింది. నేను తల ఊపేస్తే చాలు, నా ఉద్యోగం నిలబడుతుంది, ఆ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. పొద్దుటి నుంచీ పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, అప్పుడు వేసిన భయం ఒక ఎత్తు.

"అబద్ధం కాదండీ," అన్నాను. "అది చెప్పింది నిజమే. వెనక వరుసలో ఉందని అబద్ధం చెప్పింది నేను." మొత్తం చెప్పేశాను. పంతొమ్మిది, ఏడు, ఆటో, అన్నీ.

ఆవిడ ముఖంలో రక్తం లేదు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎంతసేపు?" అంది.

"గంటన్నర."

"గంటన్నర నా పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదా?"

తల దించుకుని, రాజీనామా కాగితం మీద మొదటి మాట ఏం రాయాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ శ్రీనిధిని గోడ దగ్గర నిలబెట్టి, నన్ను పక్కకు లాగింది. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది.

"మా ఆయనకీ మా అత్తగారికీ మాత్రం చెప్పకండి మేడమ్."

"అలాగేనండీ. కోప్పడతారనా?"

"అది కాదండీ. పోయిన ఆదివారం బట్టల షాపులో నేను ఇంకెవరి పిల్లదో చెయ్యి పట్టుకుని రెండు అంతస్తులు దిగి వచ్చేశాను. ఆ పిల్ల ఐస్‌క్రీమ్ అడిగితే తిట్టాను కూడా." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీకు ఇరవై ఆరు మంది మేడమ్. నాకు ఇదొక్కతే."

సోమవారం ప్రిన్సిపల్ గారికి నేనే వెళ్ళి చెప్పుకున్నాను. ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాస్తే ఈ కాగితం అంటుకుంటుంది. ఉద్యోగం మాత్రం ఉంచారు. ఇప్పటికీ అదే బడి, అదే రెండో తరగతి.

కాబట్టి పాఠక మహాశయులారా, ఎర్ర రిబ్బన్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ పిల్లల్ని వీపు వైపు నుంచి లెక్కపెట్టను. ఒక్కొక్కరి ఎదుటా నిలబడి, గడ్డం పట్టి ముఖం పైకెత్తి, పేరు అడిగి, వాళ్ళమ్మ పేరు కూడా అడిగి, అప్పుడే అంకె చెబుతాను. పార్కుకు పోయి రావడానికి మాకు ఇప్పుడు రెండు పీరియడ్లు పడుతోంది. పిట్టల్ని లెక్కపెట్టే తీరిక దొరకడం లేదు. పర్వాలేదు. పిట్టలు మారిపోయినా వాటి అమ్మలు వాట్సాప్‌లో అడగవు.